సగటు ఎచ్చట నుండును?

నూటికి 40 పాళ్ళు తగరమును, 60 పాళ్ళు సీసమును తూచి కలిపి, మూసలో పూర్తిగా కరగించి, పిమ్మట వేడిమిని 200 డిగ్రీల సెంటీగ్రేడునకు దింపి, అచ్చటనే హెచ్చుతగ్గులు లేకుండ చాలసేపు నిలిపి, ఆ లోహములో ఏ మూలనుండియైనను ఒక సూక్ష్మకణమును తీసి పరీక్షింపగలిగినయెడల, అందు తగరము నూటికి 40 పాళ్ళుగా ఎచ్చటను కానరాదు. కొన్ని కణములలో అది సుమారు 17 పాళ్ళే యుండును. అవి సీసము ప్రధానముగాగల ఘన స్ఫటికములు. తక్కిన చోట్లనెల్ల సుమారు 56 పాళ్ళుండును. అది యింకను గడ్డకట్టని ద్రవము. ఈ రెంటికి నడుమ మూడవ కూర్పు లేదు. మనము తూచినది 40. దానికి పెట్టిన పేరు 40. అయినను ఆ మూసలో నలువది పాళ్ళ తగరముగల చోటు సూదిమొనంతయు లేదు. లోహశాస్త్రమును బోధించుచు వచ్చిన యిన్నాళ్ళలో ఆ శాస్త్రమున నాకు మిక్కిలి ప్రియమైన విషయమేదని యెవరైన నడిగినచో, నేను వెదకికొననక్కరలేకుండ చెప్పగలిగినది యిదియే: మొత్తమునకు గుర్తుగా నిలిచిన ఆ సంఖ్య మొత్తములో నెచ్చటను నివసింపకుండుటయు, అయినను మొత్తములోని ప్రతి భాగమునకు ఎంత పాలు రావలెనో నిర్ణయించునది అదియే యగుటయు.

ఈ సంగతిని మనకు తెలియజేయునది ప్రావస్థా చిత్రము. అడ్డముగా కూర్పును, నిలువుగా ఉష్ణోగ్రతను గుర్తించిన ఆ పటములో ఎడమ అంచున శుద్ధ సీసము 327 డిగ్రీల యొద్దను, కుడి అంచున శుద్ధ తగరము 232 డిగ్రీల యొద్దను కరగుచుండ, ఆ రెండు ఔన్నత్యములనుండి దిగివచ్చిన ద్రవరేఖలు 61.9 శాతము తగరముగల చోట, 183 డిగ్రీల యొద్ద కలిసికొనును. ఆ కూడలి యూటెక్టిక్ బిందువు. ఆ పేరును 1884లో ఫ్రెడరిక్ గుత్రీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పెట్టెను. గడ్డకట్టుట మొదలగు ద్రవరేఖకు దిగువను, అది ముగియు ఘనరేఖకు ఎగువను ఉన్న ప్రదేశములో ఘనమును ద్రవమును కలసి మనును. అందు సీసపు వైపున ఏ ఉష్ణోగ్రత యొద్దనైనను ఒక అడ్డగీతను గీచినచో దాని యెడమ కొన ఘనరేఖను, కుడి కొన ద్రవరేఖను తాకును. కళాశాలలలో దీనిని టై లైన్ అందురు. బంధరేఖ యనిన బాగుండును. 200 డిగ్రీల యొద్ద గీచిన బంధరేఖకు కొనలు, పటమున చదివినంతవఱకు, 17ను, 56ను. మన లోహము ఆ గీతపై 40 యొద్ద నిలిచియున్నది. ఎడమ కొననుండి దానికి దూరము 23; కుడి కొననుండి 16; గీత మొత్తము 39. ఘనము ఎంత? 39లో 16 వంతులు, అనగా నూటికి 41. ద్రవమెంత? 39లో 23 వంతులు, అనగా నూటికి 59. తులాదండ సూత్రమనునది, విద్యార్థులు లీవర్ రూల్ అని వల్లించునది, ఇంతియే.

ఇంతియే యైనను, ప్రతి తరగతిలోను ఒక్కరైనను లేచి నిలుచుండి, "మాస్టారూ, ఘనము ఎడమ కొనను గదా ఉన్నది, మఱి దాని పాలు కనుగొనుటకు కుడి భుజమును ఏల తీసికొనవలెను?" అని యడుగక మానరు. ఆ ప్రశ్న నాకు సంతోషమును కలిగించును. ఏలయనగా సూత్రమును కంఠస్థము చేసినవాడు దాని నడుగడు, చూచినవాడే యడుగును. దానికి సమాధానముగా నేను కావడిని తలచుకొమ్మందును. రెండు కుండలలో ఒకటి నిండుగాను, ఒకటి వెలితిగాను ఉన్నప్పుడు, కావడి మోయువాడు బద్దను భుజముపై జరుపుకొని, నిండుకుండ తనకు దగ్గఱగా వచ్చునట్లు చేసికొనును. బరువైనది దగ్గఱ, తేలికయైనది దూరము. భుజమున్న చోటు మన లోహపు కూర్పు. కొనలలో వ్రేలాడు కుండలు రెండు ప్రావస్థలు, అనగా ఘనమును ద్రవమును. భుజము ఏ కుండకు చేరువగా నున్నదో ఆ కుండయే బరువైనదని దూరమునుండి చూచువాడు సైతము చెప్పగలడు. ఆ బరువు ఎంతయని కొలుచుటకు మాత్రము అవతలి కుండ యెంత దూరమున నున్నదో చూడవలసి వచ్చును. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దిలో సిరక్యూజు నగరవాసియైన ఆర్కిమిడీసు, రెండు భారములు తమ పరిమాణములకు విలోమముగా నున్న దూరములలో సమతూకమున నిలుచునని నిరూపించినప్పుడు, అతని మనస్సులో లోహముల కరగుదల లేదు. తూకపు దండమే యున్నది. అయినను అతని వాక్యమును ఒక్క అక్షరమైనను మార్చకుండ మన పటముపైకి తెచ్చుకొనవచ్చును.

అట్లు తెచ్చుకొనుటకు అధికారమెక్కడిది? పటముమీది గీతకు బరువు లేదు, దానిని మోయు ఆధారమును లేదు. అధికారమంతయు, తగరము పుట్టలేదు, నశింపలేదు అను ఒక్క మాటలో నున్నది. నూఱు గ్రాముల లోహములో తగరము 40 గ్రాములు. ఘనభాగము 41 గ్రాములైనచో అందు 17 పాళ్ళ చొప్పున తగరము 7 గ్రాములు. ద్రవభాగము 59 గ్రాములైనచో అందు 56 పాళ్ళ చొప్పున 33 గ్రాములు. రెండును చేరి 40. పాళ్ళను ఏమాత్రము మార్చి చూచినను ఈ మొత్తము చెడును. ఘనము సగటునకు 23 పాళ్ళు వెలితిగా తీసికొన్నది. ద్రవము 16 పాళ్ళు మిగులుగా తీసికొన్నది. వెలితియు మిగులును సరిపోవలెనన్నచో, ఎక్కువ వెలితి గలది తక్కువ పరిమాణములోను, తక్కువ మిగులు గలది ఎక్కువ పరిమాణములోను ఉండవలెను. ఎదుటి భుజము యొక్క రహస్యమిదియే. భారకేంద్రమను భావమునకు భారముతో పని లేదనియు, అది కలగలుపులన్నిటికిని చెందిన గణితమనియు 1827లోనే జర్మను గణితజ్ఞుడు మోబియస్ ఒక గ్రంథమునందు చూపెను. మూడు లోహములు కలిసినప్పుడు మనము గీత నుండి త్రిభుజమునకు పోయి, మూడు శీర్షముల యొద్దను మూడు బరువులుంచి చేయు లెక్క ఆ మార్గములోనిదే.

సగటు అనునది సాధారణముగా దాచునట్టిది. ఒక తరగతికి వచ్చిన సగటు మార్కులు 40 అని తెలిసినంతమాత్రమున అందు ఎందఱు ఉత్తీర్ణులో, ఎందఱు కారో చెప్పలేము. ఒక జిల్లాలోని సగటు వర్షపాతము తెలిసినంతమాత్రమున ఏ ఊరి చెఱువు నిండినదో చెప్పలేము. లోకములోని సగటులు వ్యక్తులను కప్పివేయుచున్నవని చింతించువారి మాట నిజము. కాని యిచ్చట మాత్రము, ఉష్ణోగ్రత యొక్కటి తెలిసినచో, ఆ సగటే లోపలి విభజననంతయు విప్పి చెప్పుచున్నది. ఏల? కొనలు రెండును ముందుగనే స్థిరపడియుండుటచేత. 200 డిగ్రీల యొద్ద 30 పాళ్ళ తగరముగల లోహమును తీసికొనుడు, 50 పాళ్ళ దానిని తీసికొనుడు. ఘనము కూర్పు 17గాను, ద్రవము కూర్పు 56గాను ఉండునే కాని, మన తూకమును బట్టి అవి జరుగవు. మనము మార్చగలిగినది ఎవ రెంతయను పాలును మాత్రమే. ఎవ రెట్టివారన్నది మన చేతిలో లేదు.

ఈ నిశ్చయత్వమును మొదట గుర్తెఱిగినవాడు అమెరికాదేశమున యేల్ విశ్వవిద్యాలయములో గణిత భౌతికశాస్త్రాచార్యుడైన విల్లర్డ్ గిబ్స్. 1876–78 సంవత్సరములలో కనెక్టికట్ అకాడమీ వారి పత్రికలో వెలువడిన అతని దీర్ఘవ్యాసమును చదివి గ్రహించినవారు ఆనాడు మిక్కిలి కొలది మంది. దానిలోని ప్రావస్థా నియమము చెప్పునదేమనగా, పీడనము మారకుండ రెండు మూలకముల మిశ్రమములో రెండు ప్రావస్థలు సమతాస్థితిలో నున్నప్పుడు మనకు మిగులు స్వేచ్ఛ ఒక్కటియే. ఉష్ణోగ్రతను ఎంచుకొన్నామా, ఆ స్వేచ్ఛ తీరిపోయినది, కొనలు రెండును నిర్ణీతములైనవి. హాలండు దేశీయుడైన రోజెబూమ్, వాన్ డెర్ వాల్స్ చూపిన దారిని పోయి గిబ్స్ వ్రాతను చేపట్టి, ఆ సమీకరణములను ప్రయోగశాలలోని మనుష్యులు చదువుకొనదగిన పటములుగా మార్చెను. గిబ్స్ లేనిచో రోజెబూమ్ లేడు, నిజమే. కాని రోజెబూమ్ వంటి ఓర్పుగల వ్యాఖ్యాత లేకున్న గిబ్స్ మాట కొలిమి దాక చేరియుండునా యని నాకు సందేహము.

మఱల మన మూసను చూతము. వేడిమి 200 నుండి దిగుచుండ ఘనము పెరుగుచు, ద్రవము తఱుగుచు, కొనలు రెండును తగరము హెచ్చగు దిక్కునకు జరుగుచు, 183 డిగ్రీలకు వెంట్రుకవాసి పైన ఘనము కూర్పు 18.3గాను, ద్రవము కూర్పు 61.9గాను తేలును. లెక్క వేయుడు: గీత పొడవు 43.6, కుడి భుజము 21.9, ఘనము నూటికి 50.2, ద్రవము 49.8. దాదాపు సగము సగము. ఇప్పుడు ఇంకను వేడిని తీసినచో, ఆ మిగిలిన ద్రవమంతయు ఒకేమాఱు రెండు ఘనములుగా చీలి, సీసపు పొరయు తగరపు పొరయు నొకదాని ప్రక్క నొకటిగా అల్లుకొన్న సూక్ష్మమైన నేతగా గడ్డకట్టును. ఆ నేతలోని పాళ్ళను కనుగొనుటకు బంధరేఖను పొడిగించి, ఎడమ కొన 18.3, కుడి కొన 97.8 యని తీసికొని, ఈసారి భుజమును 61.9 యొద్ద నిలిపి చూచినచో, సీసపు ప్రావస్థ నూటికి 45.2 వచ్చును. 49.8లో ఆ పాలు 22.5. దానికి మొదటి 50.2 చేర్చిన 72.7. అట్లుకాక, ఈ దారినంతయు విడిచి, మొదటి 40నే పట్టుకొని 18.3, 97.8 కొనల నడుమ ఒక్కసారి లెక్కించినచో వచ్చునదియు 72.7యే. ఈ రెండు దారులు ఒకే గుమ్మమునకు చేరుటను నల్లబల్లపై చూపినప్పుడెల్ల, తరగతి గదిలో కొన్ని ముఖములు వెలుగుట నేను చూచియున్నాను. నా ముఖమును వెలుగుచుండును గాబోలు. సూత్రము తనకు తాను విరుద్ధముగా మాటాడదని తెలిసికొనుట, దానిని నమ్ముట కంటె మేలైన జ్ఞానము.

వెంట్రుకవాసి పైన, వెంట్రుకవాసి దిగువ అనుచున్నాను గాని, సరిగా 183 డిగ్రీల యొద్ద ఏమి జరుగునని యడిగినచో తులాదండ సూత్రము మౌనము వహించును. అచ్చట మూడు ప్రావస్థలు ఒకే గీతపై నిలుచును. రెండు సంఖ్యలనుండి మూడు బరువులను కనుగొనుట యసాధ్యము. పైగా గిబ్స్ ఇచ్చిన ఆ యొక్క స్వేచ్ఛయు అచ్చట హరించిపోవును. ఉష్ణమాపకము కదలదు, ద్రవము మాత్రము క్షణక్షణమునకు తఱుగుచుండును. ఏ క్షణమున ఎంత ద్రవము మిగిలెనన్నది, అప్పటికి మనము మూసనుండి ఎంత వేడిని తీసివేసితిమో దానిపై నాధారపడును; కూర్పును ఉష్ణోగ్రతను తెలిసినంతమాత్రమున దానిని చెప్పలేము. ఒక సూత్రము తనకు చెల్లని చోటును ఇంత స్పష్టముగా తానే చూపుట నాకు గౌరవమును పుట్టించును.

ఇట్టి లెక్కలు పండితుల వినోదములు కావు. ఇంగ్లండులో సీసపు గొట్టముల నతుకు పనివారు రెండు పాళ్ళ సీసమునకు ఒక పాలు తగరమును కలిపిన టంకమునే కోరెడివారు. 33 పాళ్ళ తగరముగల ఆ టంకము సుమారు 250 డిగ్రీల యొద్ద గడ్డకట్టనారంభించి 183 వఱకు సాగి, ఆ చివఱను సైతము మూడింట ఒక వంతు ద్రవముగానే యుండును; స్ఫటికములు రెండు వంతులు, వాని సందులలో ద్రవ మొక వంతు. కనుక అది జారిపోక, గట్టిపడక, ముద్దవలె నిలుచును. ఆ నిలిచిన కొలదిపాటి కాలములో పనివాడు కొవ్వు పూసిన దళసరి గుడ్డతో దానిని గొట్టము చుట్టును ఒత్తి, నున్నగా తుడిచి, ఉబ్బెత్తుగా అందమైన అతుకును తీర్చును. రేడియో తీగల నతుకువానికి ఈ సావకాశము హానికరము. తీగ కదలకమునుపే అతుకు బిగియవలెను. కాబట్టి అతడు 60 పాళ్ళ తగరముగల టంకమును, 190 నుండి 183 లోపల ముగిసిపోవుదానిని పట్టును. భుజమును ఎచ్చట నిలుపవలెనో ఇరువురికిని తెలియును. పటములు పుట్టకమునుపే గొట్టములవానికి అది చేతివ్రేళ్ళలో తెలిసియుండెను.

ఉక్కు మాట ఎత్తకుండ ఈ ప్రస్తావనను సాగింపలేను, ఏలయనగా అందు మన తెలుగునేల సంబంధము కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలలో కరగించి తీసిన ఉక్కు పారశీక వర్తకుల నంత దూరమునుండి రప్పించినది; దాని తయారీని కన్నులార చూచి హెన్రీ వాయిసీ యను వైద్యుడు వ్రాసిన వర్ణనము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. అట్టి మూస ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. ఒకటిన్నర యనిన నెంత? లెక్కకు రానంత యని తోచును. కాని ఇనుము–కర్బన పటములో 727 డిగ్రీలకు దిగువ బంధరేఖకు ఎడమ కొన 0.022, అది ఫెర్రైట్ అను మెత్తని యినుము. కుడి కొన 6.7, అది సిమెంటైట్ అను గాజువంటి కఠిన సమ్మేళనము. భుజమును 1.5 యొద్ద నిలుపుడు: సిమెంటైట్ నూటికి 22 పాళ్ళు! ఒకటిన్నర గ్రాముల కర్బనము తనతో ఇరువది గ్రాములకు పైగా ఇనుమును కట్టుకొని, అయిదింట ఒక వంతునకు మించిన లోహమును మార్చివేసినది. అందులోను 12.5 పాళ్ళు, 727 డిగ్రీలకు పైన నుండు ఆస్టెనైట్ అను ఘనము చీలకమునుపే వేఱుపడియుండును. తక్కినది ఆ పిమ్మట, ఫెర్రైటును సిమెంటైటును అల్లుకొన్న పెర్లైట్ అను నేత పొరలలో పుట్టును. డమాస్కసు కత్తులపై మెఱయు అలల రేఖలకు ద్రవ్యము ఈ సిమెంటైటే.

ద్రవ్యమెంతయో సూత్రము చెప్పినది. అలలు ఎట్లు తీరినవో చెప్పలేదు. అది దాని పని కాదు. ఒకే పాళ్ళు గల సిమెంటైట్, గింజల సరిహద్దులవెంట వలవలె పఱచుకొన్నచో ఉక్కు పెళుసుబారి విఱుగును. సమ్మెటదెబ్బలచేతను, కాచి చల్లార్చు నేర్పుచేతను సన్నని గోళములుగా చెదరినచో అదే ఉక్కు పదునును ఓర్పును రెంటిని నిలుపుకొనును. సూత్రము ఇచ్చునది తూకపు పాళ్ళే యనియు మఱువరాదు. సూక్ష్మదర్శిని క్రింద మనకు కనబడునది వైశాల్యము. ఆ వైశాల్యపు నిష్పత్తి ఘనపరిమాణపు నిష్పత్తికి సమానమని 1847లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు డెలెస్ శిలలను చూచి చెప్పెను. సాంద్రత 11.3 గల సీసమును, 7.3 గల తగరమును సమానముగా తూచి ప్రక్కప్రక్కన పెట్టినచో సీసమాక్రమించు చోటు నూటికి 39 పాళ్ళే. ఈ సవరణను చేయక సూక్ష్మదర్శినిని నిందించు విద్యార్థులకు నేను చెప్పు మాట, సాంద్రతల పట్టికను ముందుగా తెఱువుడని.

ఇక అన్నిటికంటె పెద్ద షరతు సమతాస్థితి. 12 పాళ్ళ తగరముగల లోహము, సూత్రము ప్రకారము, 183కు చాల పైననే పూర్తిగా గడ్డకట్టవలెను. యూటెక్టిక్ నేత అందు లేశమైనను ఉండరాదు. కాని అచ్చులో పోసి త్వరగా చల్లార్చిన ముక్కను నునుపుచేసి చూచినచో, కొమ్మలు చాచిన స్ఫటికముల సందులలో ఆ నేత చిన్న చిన్న దీవులుగా కనబడును. కారణమేమనగా, మొదట గడ్డకట్టిన ఘనములో తగరము తక్కువ. వేడిమి దిగిన కొలదియు ఆ ఘనము తన లోపలి కూర్పును కూడ మార్చుకొనుచు రావలెను. ఘనములో పరమాణువుల సంచారము అతి మందము గనుక, దానికి వ్యవధి చాలదు. వెనుకటి పొర తాను తీసికొన్న తక్కువ పాలుతోనే బిగిసిపోయి, మొత్తపు లెక్కనుండి తప్పుకొనును. మిగిలిన ద్రవమునకు మిగిలిన తగరమే క్రొత్త మొత్తమగును. భుజము 12 యొద్ద నిలువక, పొరపొరకును కుడివైపునకు జరుగుచు, తుదకు 61.9 దాక పోవును. 1913లో గలివరును, 1942లో షైలును ఈ జరుగుబాటును సమీకరణముగా వ్రాసిరి. వారి లెక్కలో తులాదండము అబద్ధము కాలేదు. ఘనద్రవముల సరిహద్దున బంధరేఖ కొనలు రెండును మునుపటివలెనే చెల్లును. చెల్లనిది, మొత్తమంతయు ఒకే మొత్తమన్న మన భావన.

ఆ ముక్కనే తీసికొని, 170 డిగ్రీల యొద్ద కొలిమిలో ఉంచి, తగినంత కాలము కదలింపకుండ విడిచిపెట్టినచో, తగరపు పరమాణువులు దీవులనుండి కొమ్మల లోపలికి మెల్లగా పోవుచుండును. దీవులు సన్నగిల్లి కరగిపోవును. ముక్కయంతయు ఒకే ప్రావస్థగా, అంతటను 12 పాళ్ళ తగరముతో నిలుచును. కొనలు రెండును తొలగిపోయిన ఆ స్థితిలో మాత్రమే, తూచి కలిపిన సంఖ్యను ఏ కణములో వెదకినను కనుగొనవచ్చును.